లోపలను వెలుపలను: విరిగిన బంగారు చెక్కడములను గూర్చి

మీ గ్రామపు మందిరములో బంగారు చెక్కడము ఉండదు. సున్నము కొట్టిన గోడలు, ఒక ప్రసంగవేదిక, తెల్లని గుడ్డ పరచిన ప్రభువు బల్ల, దాని వెనుక గోడమీద వ్రాసిన ఒక వాక్యము, ఇంతకు మించిన అలంకారము మన పల్లె మందిరములలో అరుదు. ఇట్టి చోట ఆరాధించు మీకు, పాత దేవాలయములనుండి ఊడివచ్చిన బంగారు రేకు పొదిగిన కొయ్యముక్కలను గూర్చి నేను వ్రాయుట వింతగా తోచవచ్చును. అయినను కొంచెము ఓపికతో చదువుడి. ఆ ముక్కలను సరిగా చూచుట నేర్చుకొనినవాడు నిర్గమకాండములోని కొన్ని అధ్యాయములను మునుపటికంటె మెలకువగా చదువును. తన ఊరి మందిరపు పాత ప్రసంగవేదికను కూడ వేరు కన్నులతో చూచును.

ఈ ముక్కలు ఎట్టివో ముందు చెప్పెదను. మూరెడు పొడవు గల ఆకుతీగ. మెడక్రింద రెండు రెక్కలుగల పసివాని తల. త్రాడువలె మెలితిరిగిన స్తంభములో ఒక జానెడు ఖండము, దానిపై ద్రాక్షగుత్తి. పైభాగమున ఉండదగిన జ్వాల వంటి కొన. చట్రము మూలలో అతికిన గవ్వ ఆకారము. బంగారము కొన్నిచోట్ల మెఱయును, కొన్నిచోట్ల అరిగి క్రింది ఎఱుపు తోచును, కొన్నిచోట్ల తెల్లని సుద్ద ఊడి కొయ్య బయటపడును. వెనుకకు త్రిప్పిన బాడిస దెబ్బలు, మేకు తుప్పు, చెదపురుగు త్రోవలు కనబడును. పట్టణములలో పాత వస్తువులమ్ము అంగళ్లలో ఇట్టివి గోడకు వ్రేలాడుచుండును. కొనువారు వాటిని ఇంటి గోడకు అలంకారముగా తగిలింతురు, లేక దీపపు స్తంభముగా చేయింతురు.

మన సంఘములలో పెద్దలు కొందరు ఇట్టివాటిని చూడగానే యిర్మీయా 10వ అధ్యాయమును తలంతురు. అడవిలో చెట్టు నరికి, పనివాడు దానిని చెక్కి, వెండి బంగారములతో అలంకరించి, కదలకుండునట్లు మేకులు కొట్టుటను ప్రవక్త అక్కడ హేళన చేసెను. ఆ హేళన న్యాయమైనది. దాని పదును తగ్గించుటకు నేను వ్రాయుట లేదు. అయితే బైబిలులో కొయ్యయు, ఉలియు, బంగారమును కలిసి కనబడు చోటు అదొక్కటే కాదు. తుమ్మకఱ్ఱతో మందసము చేసి బంగారు రేకు పొదిగింపుమని ఆజ్ఞాపించినవాడు ఎవరు? బెసలేలుకు కఱ్ఱను కోసి చెక్కు నేర్పును ఇచ్చి, దేవుని ఆత్మతో నింపబడినవాడని వ్రాయించినది ఎవరు? లేఖనములో ఆత్మతో నింపబడినవారిని గూర్చి వెదకినచో ప్రవక్తలకును రాజులకును మునుపే ఒక పనివాడు ఎదురగును. మొదటి రాజులు 6వ అధ్యాయములో సొలొమోను దేవాలయపు గోడలంతట కెరూబులు, ఖర్జూరపు చెట్లు, వికసించిన పుష్పములు చెక్కించెను. ఒలీవ కఱ్ఱ తలుపులమీది చెక్కడములకు బంగారమును పొదిగించెను. యిర్మీయా నిలిచి మాటలాడిన దేవాలయము అట్టిది. కాబట్టి కొయ్యమీది బంగారము దానంతట అది విగ్రహము కాదు, దానంతట అది ఆరాధనయు కాదు. ఎవరి ఎదుట, దేనికొరకు నిలిచినదను సంగతియే ప్రధానము. విరిగిన ముక్కలో పోయినది సరిగా ఆ సంగతియే. అందుచేతనే ఈ ముక్కలను విమర్శించుట కష్టము, అవసరము కూడ.

మన దేశములో ఈ పనికి ప్రసిద్ధమైన చోటు గోవా. 1510లో పోర్చుగీసువారు గోవాను పట్టుకొనిన తరువాత అక్కడ లేచిన దేవాలయములలో, బలిపీఠము వెనుక నేలనుండి కప్పుదాక ఒక చెక్కడపు గోడ నిలిపిరి. దానిని రెటాబులో అందురు; దానిమీది పనిని పోర్చుగీసువారు తమ భాషలో బంగారు చెక్కడమనియే పిలిచిరి. 1562లో మొదలుపెట్టిన సే కథెడ్రలులో అలెగ్జాండ్రియా కథరీన హతసాక్ష్యమును చూపు పెద్ద రెటాబులో నేటికిని ఉన్నది. 1605లో ప్రతిష్ఠింపబడిన బోం జీసస్ బసిలికాలో మరియొకటి కలదు. అవి పూర్ణముగా నిలిచినవి. అంగడిలోని ముక్కను అర్థము చేసికొనవలెనన్న ముందు ఇట్టి పూర్ణమైన దానియెదుట నిలువవలెను. తలుపులోనుండి వచ్చు వెలుతురు గోడలమీద పడి, అక్కడనుండి బంగారముమీద పడి, వంపు వంపున విరిగి, చీకటి కొనలో నదివలె మెల్లగా కదలును. కిటికీలు చిన్నవైన ఆ దేవాలయములలో బంగారము వేసినది ధనము చూపుటకు మాత్రమే కాదు; ఉన్న కొద్ది వెలుతురును సంఘము ముఖములమీదికి త్రిప్పుటకు. అంగడిలో విద్యుద్దీపము క్రింద వ్రేలాడు ముక్కకు ఈ పని లేదు. అక్కడ అది మెఱయును, అంతే.

ఈ పని జరుగు విధము తెలిసికొనుట మంచిది, ఏలయనగా తెలియనివాడు బంగారమును మాత్రమే చూచి మోసపోవును. గోవాలో టేకును మిక్కిలి వాడిరి. కొయ్యను ఆరబెట్టి, చెక్కి, పశుచర్మమును కాచి తీసిన జిగురు పట్టింతురు. దానిమీద మెత్తని సుద్దను అదే జిగురుతో కలిపి పలుమారులు పూయుదురు. కొండపల్లి బొమ్మకు రంగు వేయకముందు సున్నపు పూత పూయుట మీలో కొందరు చూచియుందురు, అటువంటిదే, అయితే మందము ఎక్కువ. పూత ఆరిన తరువాత చిన్న పనిముట్లతో ఆకుల ఈనెలను, కనురెప్పలను మరల తీరిచి గీయుదురు. పిమ్మట మెత్తని ఎఱ్ఱమన్ను పూత. ఆ ఎఱ్ఱమన్నును నీటితో తడిపి, బంగారు రేకును కుంచెతో ఎత్తి దానిమీద వాల్చుదురు. రేకు ఎంత పలుచనిదనగా పనివాడు గట్టిగా ఊపిరి విడిచిన ఎగిరిపోవును. తడి ఆరీ ఆరకముందే అకీకు రాతితోనో జంతువు పంటితోనో రుద్దిన అద్దము వంటి మెఱుగు వచ్చును. బంగారమునకు ఆ వెచ్చని కాంతి నిచ్చునది క్రిందనున్న ఎఱ్ఱమన్నే. కాలక్రమమున చేతులు తాకు అంచులలో బంగారము అరిగి ఆ మన్ను పైకి తోచును.

ఇక్కడ ఒక లెక్క చెప్పెదను. దేవాలయములు చూపించువారు ఇన్ని మణుగుల బంగారము వాడిరని గొప్పగా చెప్పుదురు, వినువారు నోరు తెఱచుకొని విందురు. నేడు కొట్టు రేకు మందము మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. ఒక గ్రాము బంగారము అట్లు కొట్టబడి దాదాపు అర చదరపు మీటరు కప్పును. వంద చదరపు మీటరుల చెక్కడపు గోడ అనుకొనుడి; వంపులు, లోతులు కలిపి దానిని రెండింతలు చేయుడి; పాతకాలపు రేకు మందమైనదని మూడింతలు చేయుడి. అప్పటికిని కిలో పావు మించదు. అంత బంగారమును కరగించి ముద్ద చేసిన నా గుప్పిట పట్టును. మిగిలినదంతయు టేకు, సుద్ద, మన్ను, జిగురు, మనుష్యుల చేతులు. దీనిని ప్రత్యక్షపు గుడారముతో పోల్చి చూడుడి. నిర్గమకాండము 38వ అధ్యాయములో లెక్క వ్రాయబడినది: ఇరువది తొమ్మిది తలాంతుల ఏడువందల ముప్పది తులముల బంగారము, నేటి తూనికలో దాదాపు ఒక టన్ను. అక్కడ పొదిగినది నిజముగా రేకే, ఒలుచుకొనదగినంత మందము. గోవాలోని గోడలయందు ప్రియమైనది బంగారము కాదు, పని. అంగడివాడు బంగారమును చూపి వెల చెప్పునప్పుడు, ముక్కలోని మిక్కిలి చౌకైన భాగమును చూపి అమ్ముచున్నాడు.

ఆ చేతులు ఎవరివి? చాలవరకు ఆ నాటి స్థానిక వడ్రంగులవి, శిల్పులవి. క్రైస్తవులు కానివారు క్రైస్తవ ప్రతిమలు చేయరాదని 16వ శతాబ్దములో గోవాలో పలుమారులు ఉత్తరువులు పుట్టినవి. ఒకే ఉత్తరువు పలుమారులు పుట్టవలసి వచ్చినదనగా అది పాటింపబడలేదనుట స్పష్టము. సంఘాధికారులు వద్దన్నను పని నేర్చినవారు వారే గనుక పని వారియొద్దకే పోయెను. చెక్కినవారి పేర్లు బహు తక్కువ మిగిలినవి. వారి చేతివ్రాలు మాత్రము ముఖములలో మిగిలినది. కన్నుల కోణము, పెదవుల నిండు, జుట్టు చుట్టలు మన దేశపువి. కొన్ని ప్రసంగవేదికల అడుగున నడుము క్రింద పాము తోకగల నాగకన్యలు భుజములతో వేదికను మోయుచుందురు. ఆదికాండము చదివినవాడు వాక్యము క్రింద త్రొక్కబడిన సర్పమును అక్కడ చూచును. ఆ ఊరివాడు తన పుట్ట దగ్గర రాతిమీద చూచిన నాగినిని గుర్తుపట్టును. చెక్కినవాని ఉలి రెండింటికిని చోటు విడిచినది. ఇది నాకు నచ్చిన పని.

నచ్చనిదియు చెప్పవలెను. రెక్కలుగల పసివాని తలలు నాకు నచ్చవు, అవియే అంగళ్లలో అందరికంటె ముందు అమ్ముడుపోవును. వాటిని కెరూబులనుట బైబిలు చదువని మాట. ఏదెను తోట వాకిట ఖడ్గజ్వాలతో నిలిచినవారు కెరూబులు. యెహెజ్కేలు చూచిన కెరూబులకు నాలుగేసి ముఖములు. ఆయన వారిని చూచి ముద్దుపెట్టుకొనలేదు, సాగిలపడెను. సొలొమోను గర్భాలయములో నిలిపిన ఒలీవ కఱ్ఱ కెరూబులు పదేసి మూరల ఎత్తు. బుగ్గలు ఉబ్బిన ఈ పసివారు గ్రీకు రోమా దేశముల మన్మథుని పిల్లలు; 15వ శతాబ్దపు ఇటలీ శిల్పులు వారిని మరల వెలికి తెచ్చి దేవాలయములలో ప్రవేశపెట్టిరి, అక్కడనుండి వారు ఓడలెక్కి గోవాకు వచ్చిరి. ఒక రెటాబులోలో వారు గుంపుగా, మేఘమువలె, ప్రధానమైనదానికి అంచుగా ఉన్నప్పుడు కన్ను వారిని దాటి పోవును, హాని లేదు. గుంపునుండి ఒక తలను ఊడదీసి గోడకు తగిలించినప్పుడు దేవుని పరిశుద్ధత కాస్త ముద్దుబొమ్మ అగును. క్రిస్మసు కార్డులమీద మన పిల్లలు చూచు దేవదూతలు కూడ ఈ వంశమువారే.

దానికి మారుగా మెలితిరిగిన స్తంభమును చూడుడి. రోమాలోని పాత పేతురు దేవాలయములో కొన్ని మెలిక స్తంభములుండెను. అవి సొలొమోను దేవాలయమునుండి వచ్చినవని మధ్యకాలపువారు నమ్మిరి. నమ్మిక సరియైనది కాదు, అయితే దానివలన ఆ ఆకారమునకు సొలొమోను పేరు వచ్చినది. బెర్నీనీ అను శిల్పి 1624నుండి 1633వరకు నేటి పేతురు దేవాలయములో కంచుతో బ్రహ్మాండమైన మెలిక స్తంభములు నిలిపిన పిమ్మట ఆ తీరు దేశదేశములు వ్యాపించెను. పోర్చుగల్లు పనివారు ఆ మెలిక పొడుగున ద్రాక్షతీగను ప్రాకించిరి. యోహాను 15వ అధ్యాయము బరువును మోయు స్తంభముగా నిలిచినట్లుండును. ఒక అంగడిలో నేను చూచిన ముక్క ఇట్టి స్తంభమునుండి కోసినదే. జానెడున్నర పొడవు. రంపముతో అడ్డముగా కోసిన గురుతు క్రొత్తది, తెల్లగా ఉన్నది. తీగ క్రిందినుండి వచ్చి, ఒక గుత్తిని మోసి, ఒక ఆకును విప్పి, కోత దగ్గర ఆగిపోయెను. గుత్తిలోని పండ్లు ఒక్కొక్కటి వేరువేరు పరిమాణము. చెక్కినవాడు నిజముగా ద్రాక్షపండ్లను చూచెనో లేదో, పండుట అనగా అన్నియు ఒక్కసారి పండవని ఎరిగినవాడు. ఆ పనికి నేను తల వంచెదను. దాని అడుగున రంధ్రము తొలిచి విద్యుత్తీగ దూర్చియుండెను. అమ్మువాడు దీపము వెలిగించి చూపెను.

ఇక వెనుకవైపు. ఈ ముక్కలను పట్టుకొనినవారందరు మొదట వెనుకకు త్రిప్పి చూతురు. అక్కడ బంగారము లేదు, సుద్ద లేదు. బాడిసతో చెలిగిన గరుకు కొయ్య. పగులకుండుటకు లోపల గుల్ల చేసిన తావు. ఏ ముక్క ఏ చోట చేరవలెనో గుర్తుగా గీసిన గీతలు. ప్రసంగీకులకు ఇది సుళువైన ఉపమానము. ముందు బంగారము, వెనుక మ్రొద్దు. ఇదిగో వేషధారి అని చెప్పిన సంఘము తల ఊపును. నేనును ఆ సుళువును ఎరుగుదును, అయితే అది ఆ పనివానికి అన్యాయము. గోడకు అనుకొని ఎవ్వరికిని కనబడని వైపు బంగారము వేయనివాడు వేషధారి ఎట్లగును? అతడు దేనిని దాచలేదు. వెనుకను కొయ్యను కొయ్యగానే విడిచెను. బంగారము కొయ్యను తానే బంగారమని చెప్పనిచ్చుట వేషము. ముక్కను త్రిప్పి చూచినవానికి కొయ్య తానేమిటో చెప్పుచునే యున్నది.

అయినను ఒక్క ఆజ్ఞ నన్ను విడువదు. మందసమునకు లోపలను వెలుపలను బంగారు రేకు పొదిగింపుమని దేవుడు మోషేతో చెప్పెను. లోపల ఎవరు చూతురు? మూత వేసి, తెర వెనుక పెట్టి, సంవత్సరమునకు ఒక్కసారి ఒక్కడు లోనికి పోవు చోట, అతడు సహితము మూత తెఱువని పెట్టె లోపలికి బంగారమేల? చూచువానికొరకు చేసిన అలంకారమునకును, ఉంచబడినదానికొరకు చేసిన అలంకారమునకును భేదము ఇక్కడ తెలియును. గోవా రెటాబులో చూచు సంఘముకొరకు చేయబడినది. అందులో తప్పులేదు, మన ప్రసంగములును వినువారికొరకే చేయబడుచున్నవి. అయితే మందసము లోపల ఉన్నవి రాతిపలకలు. బంగారము వాటికి ఎదురుగా ఉండెను. ఈ కొలతబద్ద పెట్టి చూచినప్పుడు గొప్ప రెటాబులో కూడ కొంచెము కుఱుచ అగును. మన సున్నపు గోడల మందిరము పొడవగునా అనిన, అదియు కాదు. గోడ తెల్లగా ఉన్నంతమాత్రమున లోపల పొదిగినట్లు కాదు.

ఈ ముక్కలు ఎట్లు ముక్కలైనవి? రెండవ రాజులు 18వ అధ్యాయము ఇందుకు మిక్కిలి ఉపయోగము. అందులో హిజ్కియా రెండు పనులు చేసెను. మొదట మోషే చేసిన ఇత్తడి సర్పమును, ప్రజలు దానికి ధూపము వేయుచున్నారని, ముక్కలు చేసెను. దేవుని ఆజ్ఞచొప్పున చేయబడినదే అయినను దానిని విరుగగొట్టుట సరియైనది. అదే అధ్యాయములో, అష్షూరు రాజు దండెత్తినప్పుడు, తానే కట్టించిన దేవాలయపు తలుపుల బంగారమును, స్తంభముల బంగారమును ఒలిచి అతనికి ఇచ్చెను. ఒకే చేయి. మొదటిది విశ్వాసమువలన విరిచినది, రెండవది భయమువలన ఒలిచినది. విరిగిన చెక్కడమును చూచినప్పుడు, ఇది ఏ హిజ్కియా పని అని అడుగవలెను.

మన సంస్కరణ పితరులలో మొదటి విధమువారు కలరు. 1524లో జూరిక్ పట్టణపు దేవాలయములలోని ప్రతిమలను సభవారు తీసివేయించిరి. అంతకు రెండేండ్లు ముందే, 1522లో, విట్టెన్‌బర్గులో జనులు ప్రతిమలమీద పడినప్పుడు లూథరు తిరిగి వచ్చి, బలాత్కారముతో విరుచుట తగదని దినదినము ప్రసంగించెను. హృదయములోనుండి పోనిదానిని గోడనుండి తీసిన ప్రయోజనము లేదని ఆయన తలంపు. ఇద్దరి మాటలోను సత్యము కలదు. నేను లూథరు ప్రక్కకే మొగ్గుదును. కీర్తన 74లో దేవాలయపు చెక్కడములను గొడ్డళ్లతో సమ్మెటలతో విరుగగొట్టినవారిని గూర్చి ఆసాపు ఏడ్చెను. చెక్కడపు పని విరిగినందుకు ఏడ్చుట లేఖనమునకు తెలిసిన దుఃఖమే.

గోవాలోని విరుపు చాలమట్టుకు రెండవ విధము, అనగా విశ్వాసముతో విరిచినది కాదు. 1834లో పోర్చుగల్లు ప్రభుత్వము సన్న్యాస మఠములను రద్దు చేసెను. 1835లో గోవాలో అది అమలు జరిగెను. మఠములు ఖాళీ అయ్యెను. 1602లో కట్టిన అగస్టీను మఠపు దేవాలయము ఎంత గొప్పదో! కాపాడువారు లేక 1842లో దాని కప్పు కూలెను. 46 మీటరుల గోపురము 1931లో సగము పడెను. మిగిలిన సగము నేటికిని ఆకాశమునకు ఎదురుగా నిలిచియున్నది. దాని గంటను 1871లో పణజి దేవాలయమునకు తీసికొనిపోయిరి. గంటకు చోటు దొరికెను. తక్కిన సామానులలో కొన్ని వేరు దేవాలయములకు పోయినవి, కొన్ని వర్షమునకు చెదలకు పోయినవి, కొన్ని చేతులు మారినవి. గొడ్డలి అవసరము లేకపోయెను. కప్పు ఎగిరిపోయిన చోట జిగురు కరగును, సుద్ద ఉబ్బును, బంగారము పొలుసులు రాలును. ఇక మిగిలినది చెదలు చూచుకొనును.

ఒక మాట దాచిన నేను నమ్మకమైనవాడను కాను. ఈ బంగారపు గోడలు లేచిన శతాబ్దములోనే గోవాలో హిందూ దేవాలయములు పడగొట్టబడినవి, 1560లో విచారణ సభ నెలకొల్పబడి 1812వరకు మనుష్యుల మనస్సాక్షిని భయపెట్టినది. 18వ శతాబ్దపు పోర్చుగల్లులోని బంగారు చెక్కడములకు బ్రెజిలు గనుల బంగారము వచ్చెను. ఆ గనులలో త్రవ్వినవారు ఆఫ్రికానుండి తేబడిన బానిసలు. ఇందుచేత ద్రాక్షగుత్తి చెక్కడము అందవిహీనము కాదు. అయితే అందమును మాత్రమే చూచి, దాని వెలను ఎవరు చెల్లించిరో అడుగకుండుట క్రైస్తవ విమర్శ కాదు. హిందువులైన మన పొరుగువారు ఈ సంగతిని మనకంటె బాగుగ ఎరిగియుందురు. వారితో మాటలాడునప్పుడు మనము తెలియనట్లు నటింపరాదు.

అంగళ్లను గూర్చి కొంచెము. అక్కడ దొరకునవన్నియు పాతవి కావు. క్రొత్త కొయ్యను చెక్కి, ఎఱ్ఱరంగు పూసి, ఇత్తడి రంగు వేసి, ఉప్పుకాగితముతో అంతట సమముగా అరగదీసి అమ్ముదురు. నిజమైన అరుగుదల సమముగా ఉండదు. ఎత్తైన చోటను, చెయ్యి తగులు చోటను అరిగి, లోతులలో బంగారము మిగులును. ఇత్తడి రంగు ఏండ్లు గడిచిన గోధుమవన్నెకు మారును, బంగారము మారదు. వెనుకవైపు పాత మేకు రంధ్రము చుట్టు కొయ్య నల్లబడియుండును. నిజముగా నూరు సంవత్సరములు దాటినదైన, 1972నాటి పురావస్తు చట్టము ప్రకారము సామాన్యులు దానిని దేశము దాటించుట నేరము. నేను మీకు ఇది చెప్పుట మీరు కొనెదరని కాదు. అమ్మెదరేమోయని.

గోవాలో క్రైస్తవ కళకు ఒక వస్తుప్రదర్శనశాల కలదు. 1994లో రాచోల్ సెమినరీలో తెఱచిరి, 2002లో పాత గోవాలోని సాంతా మోనికా కన్యామఠమునకు మార్చిరి. అటువంటి చోట ప్రతి వస్తువు ప్రక్కను చీటి యుండును: ఏ శతాబ్దము, ఏ కొయ్య, ఏ చోటినుండి. ఆ చీటి చిన్నది, అయితే అంగడికిని ఆ శాలకును భేదము ఆ చీటియే. ఏ ఊరి దేవాలయమునుండి వచ్చినదో తెలిసిన ముక్క ఇంకను ఆ సంఘమునకు చెందినది. అక్కడ బాప్తిస్మము పొందినవారు, పెండ్లాడినవారు, చనిపోయినవారు దానియెదుట మోకరించిరని దానిని చూచి చెప్పవచ్చును. తెలియని ముక్క అలంకారము.

మన ఊళ్లకు వచ్చెదను. దొరల కాలమున కట్టిన పెంకుటి మందిరములను పడగొట్టి కాంక్రీటు మందిరములు కట్టుచున్నాము. సంఘము పెరిగినది గనుక కట్టవలసినదే, వద్దనుట లేదు. కాని పడగొట్టునప్పుడు పాత ప్రసంగవేదిక, పాత బల్ల, వాకిటి తలుపు చెక్కడము, స్మరణ పలకల చట్రములు ఎక్కడికి పోవుచున్నవి? కొన్ని వంటచెఱకుగా పోయినవి. కొన్నిటిని పాత కొయ్య వ్యాపారి తూకమునకు తీసికొనిపోయెను. వాటిమీద బంగారము లేదు, ఎక్కువ చెక్కడమును లేదు. తామరపువ్వు, మామిడిపిందె, ఒక సిలువ, ఒక తెఱచిన బైబిలు, ఊరి వడ్రంగి తనకు తెలిసినదానిని చెక్కినది. ఆ వడ్రంగి కూలి పుచ్చుకొన్నాడో కానుకగా చేసెనో ఊరిలో వృద్ధులను అడిగిన కొందరైనను చెప్పుదురు. ఇంకొక ఇరువది యేండ్లకు చెప్పువారుండరు.

కాబట్టి సంఘపెద్దలకు నా మనవి. క్రొత్త మందిరము తీర్మానించు దినముననే, పాత సామానులను గూర్చియు ఒక తీర్మానము వ్రాయుడి. ఉంచదగినది క్రొత్త మందిరములో ఉంచుడి. పాత ప్రసంగవేదిక క్రొత్త హాలులో చిన్నదిగా కనబడినను బడిపిల్లల తరగతికి పనికివచ్చును. గోడకు ఆనించక, నేలకు తగిలించక, రాతిముక్కలమీద ఎత్తి పెట్టుడి, చెదలు నేలనుండియే వచ్చును. వార్నీషు పూయుటకు తొందరపడకుడి, తడిగుడ్డతో తుడువకుడి, మెత్తని పొడి కుంచె చాలును. ఉంచలేనిదానిని ఫొటో తీయుడి. విడదీయునప్పుడు ముక్కలకు అంకెలు వేయుడి. అన్నిటికంటె ముందు, వెనుకకు త్రిప్పి, గరుకు కొయ్యమీద పెన్సిలుతో వ్రాయుడి: ఏ ఊరు, ఏ మందిరము, ఏ సంవత్సరమున చేసిరి, ఎవరు చెక్కిరి, ఏ సంవత్సరమున తీసిరి. సిరా పాకును, కాగితపు చీటి ఊడిపోవును. పెన్సిలు గీత కొయ్యలో నిలుచును. వడ్రంగి పేరు తెలిసిన ఇంటిపేరుతో సహా వ్రాయుడి.